ఒకే పేరు, రెండు ఊళ్లు: వెబ్‌సైట్‌లో జియోకోడింగ్ లైబ్రరీ వాడే ముందు ఇవి తెలుసుకోండి

మా మేనమామకు కోస్గిలో మెడికల్ షాపు ఉంది. ఇంటికే మందులు పంపడానికి నేను ఒక చిన్న వెబ్‌సైట్ చేసిచ్చాను. కస్టమర్ అడ్రస్ టైప్ చేస్తే షాపు నుంచి ఎంత దూరమో సైటే లెక్క కట్టాలి. 15 కిలోమీటర్ల లోపు అయితే ఆర్డర్ తీసుకోవాలి, దాటితే వద్దనాలి. అంతే లాజిక్. మొదటి వారంలోనే హైదరాబాద్‌లో పనిచేసే ఒకాయన ఊళ్లో ఉన్న నాన్నకు ఇన్సులిన్ ఆర్డర్ పెట్టాడు. "మీ ఊరు మా పరిధిలో లేదు" అని చెప్పేసింది సైట్. సాయంత్రం ఆ పెద్దాయన మామకు ఫోన్ చేసి, "గీడనే బస్టాండ్ ఎన్క ఉంటం గదనే! కోస్గిల ఉండి కోస్గికి మందులు రావంటే ఎట్ల?" అన్నాడట. మామ బండి మీద వెళ్లి ఇచ్చొచ్చాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ రాత్రి డోసు తప్పేదే.

తప్పు ఎక్కడ జరిగింది?

జియోకోడింగ్ అంటే అడ్రస్‌ను అక్షాంశ, రేఖాంశాలుగా మార్చడం. మనం అడిగిన పేరును సర్వీస్ తన డేటాలో వెతికి, సరిపోయినవాటిని వరుసగా ఇస్తుంది. మన కోస్గి నారాయణపేట జిల్లాలో ఉంది. కర్నూలు వైపు, మంత్రాలయం రోడ్డు స్టేషన్ దగ్గర కోసిగి అని ఇంకో ఊరుంది. తెలుగులో రాస్తే తేడా తెలుస్తుంది. కానీ ఇంగ్లిష్‌లో రెండింటినీ ఒకే స్పెల్లింగ్‌తో రాస్తుంటారు. రెండింటి మధ్య నేరుగా కొలిస్తేనే సుమారు 130 కిలోమీటర్లు. నా కోడ్ మొదటి ఫలితాన్ని కళ్లు మూసుకుని తీసుకుంది, అది కర్నూలు వైపుది. లైబ్రరీది తప్పు కాదు, నాదే.

పైథాన్‌లో ఎక్కువమంది వాడే జియోపై లైబ్రరీ తీసుకోండి. అందులో 'ఎగ్జాక్ట్‌లీ వన్' అనే సెట్టింగ్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది, అంటే ఒక్క ఫలితమే చేతికొస్తుంది. దాన్ని ఆఫ్ చేస్తే లిస్ట్ మొత్తం వస్తుంది. ఊరి పేరు ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు లిస్ట్ చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు.

వెతుకులాటను ఎలా కట్టడి చేయాలి?

ముందు దేశం కోడ్ ఇవ్వండి. ఇది ఉండాల్సిందే, కానీ మా కేసులో రెండు ఊళ్లూ ఇండియాలోనే ఉన్నాయి కాబట్టి ఒక్క దానితో పని కాలేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో నడిచే నామినాటిమ్ వాడితే 'వ్యూబాక్స్' ఇవ్వొచ్చు. అంటే షాపు చుట్టూ ఒక చతురస్రం గీసి ఇవ్వడం. వ్యూబాక్స్ ఒక్కటే ఇస్తే ఆ ప్రాంతానికి ప్రాధాన్యం మాత్రమే దొరుకుతుంది. 'బౌండెడ్' కూడా ఆన్ చేస్తేనే బయటి ఫలితాలు రావు.

తర్వాతది పిన్ కోడ్. కోస్గి పిన్ 509తో మొదలవుతుంది, కర్నూలు వైపు 518. ఫారమ్‌లో పిన్‌ను తప్పనిసరి చేసి, వచ్చిన ఫలితంతో పోల్చి చూస్తే సగం గోల అక్కడే తీరుతుంది. జిల్లా పేరును మాత్రం నమ్ముకోవద్దు. నారాయణపేట జిల్లా 2019 ఫిబ్రవరిలో ఏర్పడింది, అయినా చాలామంది ఇప్పటికీ అడ్రస్‌లో మహబూబ్‌నగర్ అనే రాస్తారు.

గూగుల్ జియోకోడింగ్ వాడేవాళ్లు స్టేటస్ 'ఓకే' అని రాగానే సంబరపడొద్దు. 'పార్షియల్ మ్యాచ్' ఉందా, లొకేషన్ టైప్ 'అప్రాక్సిమేట్' అని ఉందా చూడండి. ఉంటే ఇల్లు దొరకలేదు, ఊరో ఏరియానో మాత్రమే దొరికిందని అర్థం.

ఉచితమే, కానీ షరతులున్నాయి

నామినాటిమ్ పబ్లిక్ సర్వర్‌కు సెకనుకు ఒక రిక్వెస్ట్ మించకూడదు. మీ యాప్‌ను గుర్తుపట్టేలా యూజర్ ఏజెంట్ పేరు ఇవ్వాలి, జియోపైలో అది ఇవ్వకపోతే ఎర్రరే వస్తుంది. టైప్ చేస్తుండగానే అడ్రస్‌లు చూపించే ఆటోకంప్లీట్‌కు ఆ సర్వర్‌ను వాడకూడదు. జియోపైలోనే 'రేట్ లిమిటర్' ఉంది, ఒక సెకను గ్యాప్ పెట్టుకుంటే చాలు. టైమవుట్ మామూలుగా ఒక సెకనే ఉంటుంది, మన పల్లె నెట్‌వర్క్‌లకు దాన్ని పెంచుకోండి. ఒకసారి దొరికిన అడ్రస్‌ను డేటాబేస్‌లో దాచుకుంటే మళ్లీ మళ్లీ అడగక్కర్లేదు. గూగుల్‌కు దాచుకునే విషయంలో వేరే నియమాలున్నాయి, ప్లేస్ ఐడీని మాత్రం దాచుకోవచ్చు. ఏపీఐ కీని పేజీ కోడ్‌లో పెట్టకుండా సర్వర్ నుంచే కాల్ చేయండి.

కోస్గి మంచులోకి వెళ్లిన కథ

ఇంకో పొరపాటు కూడా చేశాను. లీఫ్‌లెట్ మ్యాప్‌లో అక్షాంశం ముందు రాయాలి, జియోజేసన్‌లో రేఖాంశం ముందు. కోస్గి సుమారుగా 16.98, 77.71 దగ్గర ఉంటుంది. రెండూ తారుమారైతే పిన్ ఎక్కడ పడిందనుకున్నారు? ఉత్తర ధ్రువం వైపు, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో! అందుకే ఇండియా సరిహద్దుల బయట పడిన ఏ ఫలితాన్నైనా కోడ్‌లోనే తిప్పికొట్టండి.

చివరికి ఏం చేశాను?

ఇప్పుడు సైట్ తనంతట తాను 'కాదు' అనదు. మ్యాప్‌లో పిన్ చూపించి "మీ ఇల్లు ఇక్కడేనా?" అని అడుగుతుంది, కస్టమర్ దాన్ని వేలితో జరుపుకోవచ్చు. కింద గుర్తు రాసుకోవడానికి ఒక బాక్స్ ఉంది: గుడి పక్క గల్లీ, నీళ్ల ట్యాంక్ ఎదురు, ఇలా. మన ఊళ్లలో డోర్ నంబర్ కన్నా అదే పనికొస్తుంది. అనుమానం ఉన్న ఆర్డర్లు మామ ఫోన్‌కు వెళ్తాయి.

తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన డిజిపిన్‌ను కూడా జత చేసే పనిలో ఉన్నాను. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి చేసిన ఈ 10 అక్షరాల కోడ్ సుమారు 4 మీటర్ల చతురస్రాన్ని చూపిస్తుంది. అక్షాంశ, రేఖాంశాల నుంచి లెక్కతోనే వస్తుంది కాబట్టి ఇందులో ఊరి పేరుతో పనే లేదు.

నా మాట ఒక్కటే. జియోకోడింగ్ లైబ్రరీ ఇచ్చేది జవాబు కాదు, అంచనా. దాన్ని సరిచూసే అవకాశం అడ్రస్ ఉన్న మనిషికే ఇవ్వండి.