అద్దంలో చిక్కని మూల

కలకత్తా నుండి మద్రాసుకు పోయే 16వ నంబరు జాతీయ రహదారి, ఒకప్పటి 5వ నంబరు, ఇచ్ఛాపురం వద్ద శ్రీకాకుళం జిల్లాలో అడుగుపెట్టి సోంపేట, పలాస, టెక్కలి పొలిమేరలను తాకుతూ దక్షిణానికి సాగిపోతుంది. సముద్రపు టొడ్డు పొడుగునా కొబ్బరి, జీడిమామిడి తోటలతో పరచుకొన్న సీమ ఉద్దానం. ఉద్యానమే ఉద్దానమైనదని పెద్దలంటారు. ఆ తోటలను చూచినవారికి ఆ వ్యుత్పత్తిని శంకించ బుద్ధి పుట్టదు. కవిటి నుండీ, వజ్రపుకొత్తూరు నుండీ వచ్చే సన్నని దారులు ఎక్కడో ఒకచోట ఈ రాజమార్గాన్ని కలుసుకోక తప్పదు. కలుసుకొన్నచోట ఒక ప్రక్క టెక్కలి నీలి గ్రానైటు రాళ్ళను మోసే లారీ, ఇంకొక ప్రక్క మోటారు సైకిలుపై ఒక రైతు. అతని వెనుక కూర్చున్న మనిషి రక్తశుద్ధి కోసం ఆసుపత్రికి పోతూ ఉండవచ్చును. మూత్రపిండాల వ్యాధి ఈ సీమను ఏళ్ళ తరబడి పీడిస్తున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ప్రత్యేక వైద్యశాల ప్రారంభమైనది. వారానికి రెండు మూడు పర్యాయాలు ఆ రహదారి ఎక్కవలసిన రోగికి, ప్రక్కన పోయే లారీ తనను చూచినదా లేదా అన్నది చిన్న ప్రశ్న కాదు.

చాలాసార్లు చూడదు. డ్రైవరు కన్ను చూడగలిగినదానికీ, అద్దాలు చూపగలిగినదానికీ నడుమ ఒక మూల మిగిలిపోతుంది. దానినే బ్లైండ్ స్పాట్ అంటారు. అదే పేరుగల మచ్చ మన కంటిలోనూ ఒకటున్నది. 17వ శతాబ్దిలో మారియట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని కనిపెట్టినాడు. కంటి లోపాన్ని మెదడు పూడ్చుకొంటుంది. బండి లోపాన్ని అంత సులువుగా పూడ్చలేము. కారు విషయంలో కొంత నయం. 1995లో ప్లాట్జర్ అనే అమెరికా ఇంజనీరు చూపినట్లు, ప్రక్క అద్దాలను బాగా బయటికి త్రిప్పి పెట్టుకొంటే ఆ మూల చాలవరకు తగ్గిపోతుంది. తన బండి సొగసును తానే చూచుకోవాలనే కోరిక మానితే చాలును. లారీ సంగతి వేరు. ఎత్తైన ఆసనం కుడివైపున ఉండుటచేత ఎడమ తలుపు క్రిందా, ముందు బంపరు క్రిందా మనిషికి మనిషే మాయమవుతాడు.

ఆ మూలకు పూర్వం ఒక కాపలాదారు ఉండేవాడు. అతడే క్లీనరు. ఎడమ తలుపు దగ్గర కూర్చుండి, తల బయటపెట్టి, అరచేతితో రేకును చరుస్తూ, సందు ఉంటే "రైట్ రైట్" అనీ, లేకుంటే "హోల్డాన్" అనీ కేకవేసేవాడు. లారీ వెనుకకు మళ్ళునప్పుడు దిగి వెనుక నిలిచేవాడు. ఆ కుర్రవాని కూలి మిగుల్చుకొనేందుకు అతడు లేకుండానే లారీని దూరదేశాలకు పంపడం ఇప్పుడు వింత కాదు. అతడు చేసిన పనినే నేడు యంత్రం చేస్తున్నది. కాని అది లారీ కంటె ముందు ఖరీదైన కారునే చేరినది.

2005లో వోల్వో కార్లలో అద్దాల క్రింద అమర్చిన చిన్న కెమెరాలు ఈ పనికి పూనుకొన్నవి. తరువాత రాడార్ ప్రబలినది. వెనుక బంపరు లోపల రెండు మూలలా రెండు రాడార్లు ఉంటాయి. వాటినుండి వెలువడేవి 24 లేక 77 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలు. రెండవదాని తరంగదైర్ఘ్యం సుమారు 4 మిల్లీమీటర్లు, అనగా ఒక బియ్యపు గింజ పొడుగు కూడా లేదు. ఇంత సన్నని తరంగాలతో 1895 ప్రాంతాలలోనే ప్రయోగాలు చేసినవాడు ఈ రహదారి ఉత్తరపు కొననున్న కలకత్తా నగరంలోని జగదీశ చంద్ర బోసు.

మూడు మీటర్ల దూరాన ఉన్న బండిని తాకి ఆ తరంగం తిరిగి వచ్చుటకు పట్టే కాలం సెకనులో అయిదు కోట్లవ వంతు. దానిని నేరుగా కొలుచుట కష్టం. అందుచేత రాడార్ తన స్వరాన్ని క్షణక్షణం పెంచుతూ పోతుంది. ప్రతిధ్వని వచ్చేసరికి స్వరం కొంత హెచ్చి ఉంటుంది. ఆ రెండింటి తేడాయే దూరాన్ని చెబుతుంది. వేగం తెలిసేది 1842లో డాప్లర్ చెప్పిన సూత్రం వల్ల. పలాస స్టేషనులో ఆగకుండా పోయే రైలు కూత, మనలను దాటగానే హఠాత్తుగా దిగజారడం ఆ సూత్రమే. ప్రక్కప్రక్కన ఉన్న గ్రాహకాలను ప్రతిధ్వని చేరే తీరులోని స్వల్పభేదం దిక్కును తెలుపుతుంది. మూలలో బండి ఉన్నదని తేలితే అద్దంలో ఒక పసుపు దీపం వెలుగుతుంది; అప్పటికీ డ్రైవరు అటు మళ్ళే సూచన ఇస్తే గంట మ్రోగుతుంది.

కారు వెనుకకు నడిచేటప్పుడు ఆ రాడార్లే అడ్డంగా వచ్చేవాటిని కాచుకొంటాయి. ఇది క్రాస్ ట్రాఫిక్ అలర్ట్. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే మోటారు సైకిలు 22 మీటర్ల దూరాన్ని రెండు సెకనులలో దాటుతుంది. ఇరువైపులా గోడలున్న ఇరుకు గేటు నుండి వెనుకకు వచ్చే డ్రైవరు, బండి తోక రోడ్డు మీదికి వచ్చేదాకా ఏమీ చూడలేడు. రాడార్ ఆ తోక చివరనే కూర్చుండి ఉంటుంది కనుక ముందుగా చూస్తుంది. గోడను చీల్చి మాత్రం చూడలేదు.

అసలు చిక్కు మరొకటి. దారి ప్రక్కని కొబ్బరిచెట్టుకూ, కంచెకూ గంట మ్రోగకూడదని, కదలని వస్తువును లెక్కలోనికి తీసుకోవద్దని యంత్రానికి నేర్పినారు. చాలా కార్లలో ఆ మూలను కాచే ఏర్పాటు, బండి కొంత వేగం అందుకొన్న తరువాతనే మేలుకొంటుంది. కాశీబుగ్గ కూడలిలో ఆగిన లారీ ప్రక్కకు ఒక సైకిలు వచ్చి ఆగుతుంది. లారీ కదిలి ఎడమకు మళ్ళుతుంది. కారు కోసం పుట్టిన యంత్రం సరిగ్గా ఆ క్షణంలో నిద్రపోతుంది. ఇది గుర్తించియే 2019లో అమలులోనికి వచ్చిన ఐక్యరాజ్యసమితి 151వ నిబంధన, పెద్ద వాహనం నిలిచియున్న స్థితి నుండి గంటకు 30 కిలోమీటర్ల వేగం వరకు ప్రక్కనున్న సైకిలును గుర్తించి తీరవలెనన్నది. ఐరోపాలో 2024 జూలై నుండి కొత్త లారీలకూ బస్సులకూ ఇటువంటి ఏర్పాటు తప్పనిసరి. మన దేశంలో కేంద్ర రవాణాశాఖ 2025లో పెద్ద వాహనాల కోసం ఇటువంటి ముసాయిదా నిబంధనలు ప్రకటించినది. అక్కడ కాపు కాయవలసినది కుడి ప్రక్క, ఇక్కడ ఎడమ ప్రక్క, తేడా అంతే.

నిబంధన కొత్త బండికి. పాత లారీ ఇంకా చాలాకాలం తిరుగుతుంది. గోడౌను నుండి వెనుకకు వచ్చే అటువంటి లారీ ప్రక్కన, జీడిపిక్కల బస్తాలు దించిన హమాలీ ఎవడో, ఎవరూ అడగకుండానే రోడ్డుకు అడ్డంగా నిలిచి, ఒక చేయి ఎత్తి మోటారు సైకిళ్ళను ఆపుతూ, రెండవ చేత్తో చెక్కను చరుస్తూ "రానీ, రానీ" అంటూ ఉంటాడు.