'పాఠం'లో చుక్క ఎక్కడికి పోయింది?

పిల్లల పుస్తకం అట్ట మీద లావుగా, గుండ్రంగా అచ్చేసిన 'పాఠాలు' ఒక్కోసారి 'పారాలు'లా కనిపిస్తుంది. ఎందుకు? 'ర'కీ 'ఠ'కీ ఉన్న తేడా కడుపులో చుక్కే. గీత లావెక్కినకొద్దీ ఆ కడుపు ఇరుకైపోతుంది, చుక్కకి చోటు మిగలదు. 'కథ'దీ అదే బాధ. చుక్క పూడిపోతే 'కధ' అయి కూర్చుంటుంది.

అలాంటప్పుడు ఆ లావు అక్షరాలే ఎందుకంటారా? కోసుగా తెగిన అంచు కన్నా గుండ్రటి అంచు మెత్తగా, చనువుగా అనిపిస్తుంది. దూరం నుంచి కూడా కనబడుతుంది. సిరా కాస్త పాకినా అంచుకి పోయేదేమీ లేదు, చెడడానికి అక్కడ మూలలే ఉండవు. 1979లో ఫోక్స్‌వాగన్, ఆడి కార్ల డీలర్ల కోసం తయారైన వాగ్ రౌండెడ్ అన్న ఇంగ్లిషు ఫాంటు ఈ తరహాకి పేరున్న ఉదాహరణ. తర్వాత అదే ఏళ్ల తరబడి యాపిల్ కీబోర్డుల మీదా కనిపించింది.

ఇంగ్లిషు అక్షరానికి గుండ్రదనం తెచ్చిపెట్టాలి. మనదానికి పుట్టుకతోనే ఉంది. తెలుగులో గుండ్రంగా మార్చాల్సింది తలకట్టు కొస, గీత ఆగేచోటు, అంతే. అసలు కష్టమంతా లావుతోనే.

దాన్ని ఎలా సర్దుతారు? గీతలన్నీ ఒకే లావున ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఉండవు. రెండు గీతలు కలిసేచోట నల్లగా ముద్దకట్టకుండా సన్నం చేస్తారు. అడ్డగీతని నిలువుగీత కన్నా కొద్దిగా పలచన చేస్తారు. గుండ్రటి కొస చూపుకి పొట్టిగా అనిపిస్తుంది కాబట్టి దాన్ని వెంట్రుకవాసి ముందుకు లాగుతారు. కడుపులో చుక్క ఉన్న అక్షరాన్ని వెడల్పు చేస్తారు. ఇక 'రాష్ట్రం'లో ఒకదాని కింద ఒకటి వేలాడే ఒత్తులున్నాయే, అవి చిన్నవైనా పై అక్షరమంత నల్లగా కనబడాలి. నా మటుకు, తెలుగు ఫాంటు గీసేవాళ్ల పనితనం తేలేది అక్కడే.

ముంబైలోని ఏక్ టైప్ అన్న ఫాంట్ల సంస్థ వాళ్ల తెలుగు ఫాంటు 'బాలూ తమ్ముడు' ఈ కోవలోదే. బాలూకి తెలుగులో తమ్ముడు, తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, గుజరాతీకి భాయ్ అంటూ ఒక్కో లిపికీ ఒక్కో పిలుపు పెట్టారు, ఆ ముచ్చట నాకెంతో నచ్చింది. తమ్ముడు ఫాంటు మొదట ఒకే ఒక్క లావులో వచ్చింది. తర్వాత వచ్చిన 'బాలూ తమ్ముడు 2'లో అయిదు మందాలున్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది.

శీర్షికకి, కరపత్రంలో పెద్ద మాటకి, మిఠాయి డబ్బాకి, పిల్లల పుస్తకం అట్టకి ఈ అక్షరాలు బాగుంటాయి. లోపలి పేజీల్లో పేరాలకి పేరాలు పెడితే మాత్రం చదివేవాళ్ల కళ్లు అలిసిపోతాయి.

ఏ ఫాంటైనా ఖాయం చేసేముందు 'పాఠం', 'కథ', 'రాష్ట్రం' అన్న మూడు మాటలూ టైపు చేసి, అసలు సైజులో ప్రింటు తీసి, చేతిదూరంలో పెట్టి చూడండి. చుక్క కనబడకపోతే అక్షరం సైజు పెంచండి, కుదరకపోతే ఒక మెట్టు సన్నటిది తీసుకోండి.