శ్రుతి మార్చుకొనుట

వంటగ్యాసు కొరకు ఫోను చేసి, పేరును ఇంటి నంబరును చెప్పి, అవతలనుండి "ఒక్క నిమిషం సార్" అను మాట వినబడగానే మారుపలుకక ఫోను పెట్టివేసిన ట్రాన్స్ మహిళ నొకరిని నేనెరుగుదును. ఎదుట నిలిచి చూచినవారెవ్వరును ఆమెను సార్ అని పిలువరు. కాని ఫోనులో కట్టు, బొట్టు, నడక ఏవియు పోవు గదా, కంఠమొక్కటే పోవును.

ఆ కంఠము ఆమె కోరి తెచ్చుకొన్నది కాదు. యౌవనారంభమున టెస్టోస్టెరోన్ అను హార్మోను స్వరపేటికను పెంచి, అందలి స్వరతంతువులను పొడుగుగను దళసరిగను చేయును. వీణపై అనుమంద్రపు తంతి సారణికన్న లావుగా నుండుటకు ఏది కారణమో, పురుషకంఠము సెకనుకు సుమారు 100 మొదలు 130 కంపనములతోను, స్త్రీకంఠము సుమారు 180 మొదలు 220 కంపనములతోను పలుకుటకు అదియే కారణము. పిమ్మట ఎన్నేండ్లు ఈస్ట్రోజెన్ తీసికొన్నను, ఒకసారి బలిసిన తంతువులు మరల సన్నగిల్లవు. వానిని కురుచచేయు శస్త్రచికిత్స ఉన్నది గాని, అది వేరొక ప్రసంగము. దానికి ముందును వెనుకను కూడ సాధన తప్పదు.

హార్మోనియము ఎరిగినవారికి ఈ సంగతి చెప్పుట సులువు. మగవారు సాధారణముగా పాడు ఒకటి శ్రుతిలో షడ్జమము సుమారు 131 కంపనములు. ఆడువారు పాడు ఐదు శ్రుతిలో 196. మొదటిదాని పంచమమే రెండవదానికి షడ్జమము. అనగా ఈ సాధకురాలు చేయవలసినది తన పంచమమును షడ్జమముగా నెంచి అచ్చట కాపురముండుటయే. సంగీతజ్ఞులు గ్రహభేదమను పని వంటిదే ఇది. తారస్థాయిలో కీచుమని మాటలాడుట ఎవరికిని అవసరము లేదు. అయినను పైస్వరములను సాధింపుమనుటకు కారణమున్నది: మాట యనునది ఒక్క స్వరము మీద నిలువదు, ప్రశ్నించినప్పుడు, నవ్వినప్పుడు, వీధి చివరనున్నవారిని కేకవేసినప్పుడు అది పైకెగయును, పంచమము మీద ఇల్లు కట్టుకొన్నవారికి పైన చోటు లేకున్న తల కప్పుకు తగులును.

మొదటి అభ్యాసమునకు కావలసినవి గ్లాసెడు నీళ్లు, కొబ్బరిబోండాముతో ఇచ్చు గొట్టమొకటి. గొట్టపు కొనను రెండు వ్రేళ్ల వెడల్పు లోతున నీట ముంచి, పెదవులు బిగించి, "ఊ" అని పలుకుచు బుడగలు లేపవలెను. చూచువారికి పసిపిల్లల ఆటవలె నుండును. కాని గొట్టమున నిరోధింపబడిన గాలి వెనుకకు ఒత్తుటచే, తంతువులు ఒకదానినొకటి గట్టిగా మోదుకొనక మెత్తగా కంపించును. అమెరికాలో స్వరశాస్త్రజ్ఞుడైన ఇంగో టిట్జె ఈ గొట్టపు సాధనను బహుళ ప్రచారమునకు తెచ్చెను.

గొంతు ఇట్లు మెత్తబడిన పిమ్మట జారు. సుఖమైన క్రిందిస్వరమునుండి ఎక్కడను మెట్టు తెలియకుండ, మిల్లు కూత కూసినట్లు, "ఊ" అని పైకి జారి మరల దిగవలెను. అప్పుడు చూపుడువ్రేలిని కంఠమణికి కొంచెము దిగువ నానించిన చిన్న పల్లమొకటి తగులును; స్వరము పైకి పోవుకొలది ఆ పల్లము మూసికొనుట వ్రేలికి తెలియును. అచ్చటి కండరము రెండు మృదులాస్థులను దగ్గరకు లాగి తంతువులను సాగదీయుచున్నదన్నమాట. వైణికుడు బిరడ బిగించుటయు నిట్టిదే.

ఈ ప్రయాణములో ఒకచోట గొంతు చటుక్కున విరుగును. అచ్చట బలము పెంచుట అందరును చేయు పొరపాటు, తగ్గింపవలెను. సంగీతము మేష్టర్లు దొంగగొంతని ఈసడించు పలుచని ధ్వనియే ఇచ్చట అక్కరకు వచ్చును. దానిని పైన అందుకొని, మెల్లమెల్లగా దింపుచు, విరుపుచోటును దాటించి, పంచమము వరకు తెచ్చి విడువవలెను. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు మంద్రమునకు హృదయమును, మధ్యమునకు కంఠమును, తారమునకు శిరస్సును స్థానములుగా చెప్పెను. ఆ పలుచని స్వరము సరిగా పలికినప్పుడు బుగ్గల ఎముకలలో కలుగు ఝంకారమును ఎరిగినవారికి ఆ మాట కేవలము వర్ణనగా తోచదు.

ఎత్తు ఒక్కటే చాలదు. స్వరతంతువులనుండి పెదవుల వరకు గల మార్గము పురుషులలో సుమారు 17 సెంటీమీటర్లు, స్త్రీలలో సుమారు 14; మార్గము కురుచయైనకొలది ధ్వనికి తేటదనము హెచ్చును. నాలుకను ముందుకు తెచ్చి, పెదవులపై చిరునవ్వుంచి పలికిన కొంత ఫలము దక్కును. "ఈ" అను అచ్చును పలుకునప్పుడు ఇది తనంత తానే జరుగును గనుక, మాట చివర "అండీ" చేర్చు మన మర్యాద ఈ సాధనకు అనుకోని ఉపకారము చేయుచున్నది.

పూటకు ఐదు నిమిషములు, రోజుకు రెండు మూడు పూటలు చాలును. మెడనరములు ఉబ్బినను, నొప్పి పుట్టినను ఆనాటికి కట్టిపెట్టవలెను; బొంగురు రెండు మూడు వారములకును వదలనిచో గొంతు వైద్యునకు చూపింపవలెను. వీలున్నవారు స్పీచ్ థెరపిస్టు ఎదుటనే సాధన ఆరంభించుట మేలు.

నేను చెప్పిన ఆమె ఇప్పుడు తెల్లవారుజామున శ్రుతిపెట్టెను ఐదుకు పెట్టుకొని, వంటింట నిలిచి, "ఎవరండీ, ఎవరండీ" అని పదిసార్లు పలుకుచుండును. మొన్న ఏడవసారికి తలుపు అవతలనుండి "నేనేనమ్మా, పాలు" అని బదులు వచ్చినది.