లండన్ నవ్విన బెంగళూరు కారు: రేవా గురించి మీడియా ఏం చూపించింది, ఏం వదిలేసింది?

ఏదైనా ఎలక్ట్రిక్ కారు రివ్యూ ఓపెన్ చేయండి. కారు మామూలు షేప్‌లో ఉంటే రేంజ్ ఎంత, ఛార్జింగ్‌కి ఎంత టైమ్, బూట్‌లో ఎన్ని బ్యాగులు పడతాయి అని మాట్లాడతారు. అదే కాస్త వింతగా ఉంటే మాత్రం థంబ్‌నెయిల్‌లో నోరెళ్ళబెట్టిన ముఖం, పక్కన "ఇది కారా? బొమ్మా?" అని ఒక ప్రశ్న. 2023లో ఎంజీ కామెట్ వచ్చినప్పుడు చాలామంది రివ్యూలు ఇలాగే మొదలయ్యాయి. సిటీలో రోజుకి 30 కిలోమీటర్లు తిరిగేవాడికి ఆ కారు పనికొస్తుందా లేదా అన్నది వీడియోలో ఎక్కడో ఎనిమిదో నిమిషంలో వచ్చేది.

ఈ ట్రీట్‌మెంట్ గట్టిగా తిన్న కారు ఒకటి మన పక్కనే, బెంగళూరులో తయారైంది. పేరు రేవా. లండన్‌లో దాన్ని జి-విజ్ అని అమ్మారు. ఎలక్ట్రిక్ కారు అంటే టెస్లా అని అందరూ అనుకోకముందే లండన్ రోడ్ల మీద అది కనిపించేది. అయినా ఇప్పుడు నెట్‌లో దాని పేరు కొడితే ఎక్కువగా కనిపించేది జోకులు, చితికిపోయిన ఒక కారు ఫొటోలు.

ముందు దీన్ని చేసింది ఎవరో చూద్దాం. చేతన్ మైని మిషిగన్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు అక్కడి స్టూడెంట్స్ సోలార్ కారు టీమ్‌లో పనిచేశాడు. 1990లో అమెరికాలో జరిగిన సోలార్ కార్ల రేసు గెలిచిన టీమ్ అదే. 1994లో బెంగళూరు మైని గ్రూప్, కాలిఫోర్నియాకి చెందిన అమెరిగాన్ అనే కంపెనీ కలిసి రేవా మొదలుపెట్టాయి. కారు మార్కెట్‌లోకి వచ్చింది 2001లో. అంటే ఏడేళ్ళ డెవలప్‌మెంట్! ఈ రోజుల్లో ఏడేళ్ళలో స్టార్టప్ పుట్టి, ఫండింగ్ తీసుకుని, మూతపడి, ఫౌండర్ పాడ్‌కాస్ట్ కూడా మొదలుపెట్టేస్తాడు.

స్పెక్స్ చూస్తే నవ్వొస్తుంది, నిజమే. పొడవు 2.6 మీటర్లు, అంటే కామెట్ కంటే కూడా చిన్నది. ముందు ఇద్దరు పెద్దవాళ్ళు, వెనక ఇద్దరు పిల్లలు. బాడీ ప్యానెల్స్ ప్లాస్టిక్. బ్యాటరీ లిథియం కాదండి, ఎనిమిది లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఒక్కోటి 6 వోల్టులు. మన ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉంటుందే, ఆ జాతి. దానికి పోసినట్టే డిస్టిల్డ్ వాటర్ కూడా పోయాలి. మామూలు ప్లగ్‌లో పెడితే ఫుల్ ఛార్జ్‌కి 8 గంటలు, కంపెనీ చెప్పిన రేంజ్ 80 కిలోమీటర్లు. మొదటి మోడల్ టాప్ స్పీడ్ 65 దగ్గర ఆగిపోయేది. మన దగ్గర ఇది పెద్దగా అమ్ముడుపోలేదు. దాని కన్నా తక్కువ డబ్బుకి మారుతి 800 వస్తుంటే ఎవరు కొంటారు చెప్పండి?

కానీ లండన్‌లో లెక్క వేరు. 2003 ఫిబ్రవరిలో అక్కడ కన్జెషన్ ఛార్జ్ మొదలైంది. వర్కింగ్ డేస్‌లో సిటీ మధ్యలోకి కారు తీసుకెళ్తే రోజుకి 5 పౌండ్లు, 2005 జులై నుంచి 8 పౌండ్లు. అప్పట్లో ఎలక్ట్రిక్ కారుకి ఆ ఛార్జ్ ఉండేది కాదు. రోజూ ఆఫీసుకి కారులో వెళ్ళేవాడికి ఏడాదికి 240 రోజులు వేసుకోండి, 1,920 పౌండ్లు మిగిలినట్టే. కారు ధరేమో సుమారు 8,000 పౌండ్లు. పైగా వెస్ట్‌మినిస్టర్ లాంటి చోట్ల ఎలక్ట్రిక్ కార్లకి పార్కింగ్‌లో కూడా రాయితీలు ఉండేవి. నాలుగేళ్ళు వాడితే కారు డబ్బులు కారే కట్టేసుకున్నట్టు. అలా ఒక్క లండన్‌లోనే వెయ్యికి పైగా అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళంతా పర్యావరణం మీద ప్రేమతోనే కొన్నారంటే నేను నమ్మను. ఎక్సెల్ షీట్ వేసుకుని కొన్నవాళ్ళే ఎక్కువ ఉండాలి.

వెయ్యి కార్లు అంటే పెద్ద నంబరేం కాదు. కానీ అవి తిరిగింది సెంట్రల్ లండన్‌లో, పేపర్ల వాళ్ళు, టీవీ వాళ్ళు రోజూ తిరిగే వీధుల్లో. దాంతో సేల్స్‌కి మించిన కవరేజ్ వచ్చింది. అందులో అందరికంటే గట్టిగా ఆడుకున్నది బీబీసీ టాప్ గేర్, ముఖ్యంగా జెరెమీ క్లార్క్‌సన్. జి-విజ్ ఆయనకి ఫేవరెట్ టార్గెట్ అయిపోయింది. ఆ షో చూసినవాళ్ళకి తెలుసు, క్లార్క్‌సన్ ఒక కారుని పట్టుకున్నాడంటే వదలడు. జోక్ బాగా పేలితే అది ఆ కారుకి ఇంటి పేరులా అతుక్కుపోతుంది.

ఇంతవరకు జోకులే. 2007లో టాప్ గేర్ మ్యాగజైన్ ఒక జి-విజ్‌ని తీసుకెళ్ళి ట్రాన్స్‌పోర్ట్ రీసెర్చ్ లాబొరేటరీలో గంటకి 64 కిలోమీటర్ల వేగంతో క్రాష్ టెస్ట్ చేయించింది. రిజల్ట్ ఘోరం. లోపల మనిషి ఉంటే ప్రాణాపాయం తప్పదన్నంత డ్యామేజ్. బ్రిటన్ రవాణా శాఖ విడిగా, కాస్త తక్కువ స్పీడ్‌లో చేసిన టెస్ట్‌లో కూడా సీరియస్ సేఫ్టీ సమస్యలు బయటపడ్డాయి.

మరి అలాంటి కారు రోడ్డు మీదికి ఎలా వచ్చింది? ఎలా అంటే, చట్టం దృష్టిలో అది అసలు కారే కాదు. యూరప్ రూల్స్‌లో క్వాడ్రిసైకిల్ అని ఒక కేటగిరీ ఉంది. బరువు, పవర్ ఒక లిమిట్ లోపల ఉన్న చిన్న నాలుగు చక్రాల బండి దాని కిందికి వస్తుంది. దానికి కార్లకి చేసే క్రాష్ టెస్టులు అక్కర్లేదు. కంపెనీ తప్పు దారిలో ఏమీ వెళ్ళలేదు, రూల్ ప్రకారమే అమ్మింది. సెంట్రల్ లండన్‌లో ట్రాఫిక్ సగటు స్పీడ్ గంటకి 20 కిలోమీటర్లు కూడా ఉండదు కాబట్టి 64లో గుద్దించడం అన్యాయం అనే వాదన కూడా ఉంది.

నాకు ఈ వాదన ఆఫీసులో రోజూ వినిపించేదే. "స్పెక్‌లో లేదు కదా" అంటాడు డెవలపర్. "యూజర్ అలాగే వాడతాడు కదా" అంటాడు టెస్టర్. ఈ ఒక్క విషయంలో నేను టెస్టర్ పక్షమే. సగటు స్పీడ్ ఎంత తక్కువున్నా, ఖాళీ రోడ్డు మీద ఎదురుగా వచ్చే స్కోడా నీ సగటు చూసి బ్రేక్ వేయదు. 2010లో లండన్‌లో వేరే కారు ఢీకొని జి-విజ్ నడుపుతున్న మనిషి ఒకరు చనిపోయారు. కాబట్టి సేఫ్టీ మీద మీడియా అడిగింది నూటికి నూరు పాళ్ళు సరైన ప్రశ్న.

నా కంప్లైంట్ వేరే. అడగాల్సిన ఆ ప్రశ్న అసలు రూల్‌ని వదిలేసి, ఒక్క బ్రాండ్ దగ్గరే ఆగిపోయింది. అదే క్వాడ్రిసైకిల్ రూల్ కింద యూరప్‌లో ఇంకా చాలా బండ్లు అమ్ముడవుతూనే ఉన్నాయి. యూరో ఎన్‌క్యాప్ 2014లో రెనో ట్విజీతో సహా నాలుగింటిని టెస్ట్ చేస్తే అన్నిట్లోనూ సీరియస్ సమస్యలే వచ్చాయి. జి-విజ్ మీద పడిన వెలుతురులో పదో వంతు కూడా వాటి మీద పడలేదు. ట్విజీ స్టైలిష్‌గా ఉంటుంది మరి!

ఇంకోటి, కారు మారుతూ వచ్చిన సంగతి. ఆ గొడవ తర్వాత వచ్చిన మోడల్‌లో ఛాసిస్ గట్టిపరిచారు, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టారు, ఏసీ మోటార్‌తో టాప్ స్పీడ్ 80కి చేరింది. 2009లో లిథియం అయాన్ వెర్షన్ వచ్చింది. అదే ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో కొత్త మోడల్స్‌తో పాటు రివైవ్ అనే ఫీచర్ చూపించారు. మన గాడ్జెట్ జనానికి ఇదే అసలు మజా. దారిలో ఛార్జ్ అయిపోయిందనుకోండి. ఫోన్ చేయడమో, ఎస్ఎమ్ఎస్ కొట్టడమో చేస్తే చాలు. కంపెనీ సర్వర్ మీ బ్యాటరీ పరిస్థితి చూసి, దాచిపెట్టిన రిజర్వ్‌ని రిమోట్‌గా అన్‌లాక్ చేస్తుంది. ఇంటికి చేరిపోవచ్చు. మన దగ్గర ప్రైవేట్ ఆపరేటర్లు 3జీ ఇంకా లాంచ్ చేయని రోజులవి! ఇప్పుడు ప్రతి ఈవీ బ్రోషర్‌లో కనెక్టెడ్ కార్ అని పెద్ద అక్షరాల్లో వేసుకునేది ఇలాంటి వాటినే.

టాప్ గేర్ దెబ్బ తిన్నది రేవా ఒక్కటే కాదు. 2008లో టెస్లా రోడ్‌స్టర్‌కీ ఆ షోలో ఛార్జ్ అయిపోయినట్టు చూపించారు. టెస్లా 2011లో కేసు వేసింది, 2013లో అప్పీల్‌లో కూడా ఓడిపోయింది. కేసు ఓడినా టెస్లా ఇమేజ్‌కి ఏమీ కాలేదు. రోడ్‌స్టర్ చూడ్డానికి స్పోర్ట్స్ కారు కదా.

రేవాలో మెజారిటీ వాటాని 2010 మే నెలలో మహీంద్రా కొనేసింది. అంతకుముందు జనరల్ మోటార్స్‌తో కలిసి షెవర్లే స్పార్క్‌ని ఎలక్ట్రిక్‌గా మార్చే ప్లాన్ ఉండేది, ఈ డీల్‌తో అది ఆగిపోయింది. అప్పటిదాకా రేవా అమ్మింది ఇరవైకి పైగా దేశాల్లో కలిపి కొన్ని వేల కార్లే. 2013లో మహీంద్రా ఈ2ఓ వచ్చింది, రివైవ్ ఫీచర్ అందులో పెట్టారు. చేతన్ మైని తర్వాత సన్ మొబిలిటీ మొదలుపెట్టి బ్యాటరీ స్వాపింగ్ వైపు వెళ్ళాడు. ఇప్పుడు ఆయన కంపెనీ బ్యాటరీలు ఎక్కువగా నడిపేది ఆటోల్నీ, డెలివరీ బండ్లనీ. వాటి షేప్ మీద ఎవరూ జోకులు వేయడం లేదు.