ఓవెన్ లేకుండా మామిడిపండు టార్ట్

మా పిడుగురాళ్ల ఎండలకి వెన్న ఫ్రిజ్‌లోంచి తీయగానే కారిపోతుంది. పోయిన వేసవిలో మా ఆడపడుచు వచ్చిందని మిట్టమధ్యాహ్నం ఈ టార్ట్ మొదలెట్టి, అందరి ముందూ అట్టముక్కలాంటిది తీశాను. "బొబ్బట్లు చేస్తే పోయేదిగా" అన్నారు మా అత్తగారు. ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు!

మర్నాడు తెల్లారగట్ల ఐదింటికే లేచి మళ్లీ చేశాను. మీరూ చల్లని వేళే చేయండి. కప్పు మైదా, చిటికెడు ఉప్పు, గట్టిగా ఉన్న వెన్న 75 గ్రాములు వేళ్ల కొసలతో నలపండి. వెన్న శనగగింజలంత పలుకులుగా మిగలాలి. పొయ్యి మీద అవి కరిగి, ఆవిరి పొంగితేనే పొరలు విచ్చుకుంటాయి. చపాతీ పిండిలా మర్దించారో, నా అట్టముక్కే! రెండు మూడు చెంచాల ఐసునీళ్లతో ముద్దచేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

చపాతీకంటే మందంగా వత్తి, నడుమ చెంచాడు బొంబాయిరవ్వ చల్లితే పండు రసం పీల్చుకుంటుంది. దోర బంగినపల్లి ముక్కలకి రెండు చెంచాల పంచదార, చెంచా కార్న్‌ఫ్లోర్ పట్టించి పరిచి, అంచులు లోపలికి మడవండి. వంకరపోయినా ఫరవాలేదు, ఫ్రాన్సువాళ్ల 'గాలెట్' అందమే అది.

పాత కుక్కర్లో రెండు కప్పుల ఉప్పు పోసి స్టాండు పెట్టండి. గాస్కెట్, విజిల్ తప్పకుండా తీసేయాలి. పది నిమిషాలు వేడెక్కాక టార్ట్ పళ్లెం దించి, సన్నసెగన ముప్పావుగంట ఉంచండి. పైన అంతగా రంగు రాదు, అడుగు ఎర్రబడితే చాలు.

అత్తగారు రెండో ముక్క అడిగి వేయించుకున్నారు. బొబ్బట్ల మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.