గ్రైండర్ తిరిగాక నేలలో ఏం మిగులుతుంది?

ఇంటి ఆవరణలో చెట్టు కొట్టించిన రోజు సాయంత్రానికల్లా కొమ్మలూ దుంగలూ ట్రాక్టరెక్కి వెళ్లిపోతాయి. మొద్దు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఉప్పు పోయమని ఒకరు, కిరోసిన్ పోసి కాల్చమని ఒకరు, జేసీబీని పిలవమని ఇంకొకరు సలహా ఇస్తారు. అమెరికాలో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకైతే స్టంప్ గ్రైండర్ బాగా తెలిసిన యంత్రమే. ఈ పద్ధతులన్నిటి చుట్టూ కొన్ని అపోహలు గట్టిగా వేళ్లూనుకున్నాయి.

“గ్రైండర్ పెడితే చెట్టు వేళ్లతో సహా పోతుంది”

పోదు. గ్రైండర్‌లో ఒక చక్రం, దాని అంచున కార్బైడ్ పళ్లు ఉంటాయి. అది గిర్రున తిరుగుతూ మొద్దును పైనుంచి పొరలు పొరలుగా చెక్కి పొట్టు చేస్తుంది. మామూలుగా నేలమట్టానికి 15 నుంచి 30 సెంటీమీటర్ల లోతు దాకా చెక్కి ఆపేస్తారు. పక్కలకు పాకిన వేళ్లు అలాగే ఉండి ఏళ్ల తరబడి నెమ్మదిగా కుళ్లుతాయి. అక్కడ పచ్చిక, పూలమొక్కలు పెంచాలనుకుంటే ఈ పని చాలు. గోడ కట్టాలన్నా, సంపు తవ్వించాలన్నా చాలదు. వేళ్లు కుళ్లినచోట మట్టి కుంగుతుంది కాబట్టి వాటిని తవ్వి తీయించాల్సిందే. అందుకే ఆ జాగాలో ఏం చేస్తారో ముందు తేల్చుకుని ఆ తర్వాతే యంత్రాన్ని పిలవండి.

“నరికేశాక ఇంకేముంది, చచ్చినట్టే”

ఇది చెట్టునుబట్టి ఉంటుంది. వేప, రావి, కానుగ, సుబాబుల్, యూకలిప్టస్ మొదలంటా నరికినా చిగురిస్తాయి. సుబాబుల్, యూకలిప్టస్ రైతులు ఒకసారి నాటి పలుమార్లు కోత తీసేది ఈ గుణం వల్లే. మొదలును నేల కింది దాకా గ్రైండర్‌తో చెక్కించేస్తే అక్కడున్న మొగ్గలు చాలావరకు పోతాయి. అయితే వేప వేరుకు దెబ్బ తగిలితే ఆ వేరు నుంచే పిలక లేవవచ్చు. పెరట్లో కరివేపాకు చెట్టు చుట్టూ లేచే పిలకలను చూసినవారికి ఇది కొత్త కాదు. ఆ పిలకలు ఆకు పరచకముందే తుంచుతూ పోవాలి. వేరులో దాచుకున్న ఆహారం ఖర్చయిపోయాక అదే చస్తుంది.

కొబ్బరి, తాడి సంగతి వేరు. వాటి ఎదుగుదల అంతా తల దగ్గరుండే మొవ్వులోనే. దాన్ని కోసేస్తే మొదలు మళ్లీ చిగురించదు. వేళ్లు కూడా సన్నగా, పీచులా ఉంటాయి, ఏళ్లు గడిచినా లావెక్కవు. దాంతో “కొబ్బరి మొద్దే కదా, ఉండనీ” అని వదిలేస్తుంటారు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టే అపోహ ఇదే. కుళ్లుతున్న కొబ్బరి మొద్దుల్లో, మానుల్లో, పెంటకుప్పల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. అక్కడ పెరిగిన పురుగు ఎగిరి వెళ్లి బతికున్న చెట్ల మొవ్వును తొలిచేస్తుంది. ఆ తర్వాత విచ్చుకునే ఆకులు కత్తెరతో కోసినట్టు ఉంటాయి. మీ పెరటి మొద్దు పక్కింటి చెట్టుకు కూడా చేటు తెస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు దెబ్బతిన్నప్పుడు, కూలిన మానులను తోటల్లోంచి తీసేయాల్సిన అవసరం వెనక ఈ భయం కూడా ఉంది.

ఇంకో జాగ్రత్త. కొబ్బరి చెట్టు గానోడెర్మా తెగులుతో చచ్చిపోయి ఉంటే, మొదలు దగ్గర అరల్లా పొడుచుకొచ్చిన పుట్టగొడుగులు కనిపిస్తే, గ్రైండర్ పెట్టించి ఆ పొట్టును పెరడంతా చల్లకండి. మొదలును వేళ్లతో సహా తవ్వి, కాల్చేయాలి.

“ఉప్పు పోస్తే కుళ్లిపోతుంది”

ఆవకాయలో ఉప్పు వేసేది చెడిపోకుండా ఉండడానికే. మొద్దును కుళ్లబెట్టాల్సింది శిలీంధ్రాలు. ఉప్పు వాటిని ఎదగనివ్వదు, పైగా చుట్టూ ఉన్న నేలను చౌడు చేస్తుంది. శిలీంధ్రాలకు కావలసింది తేమ. మొద్దుకు లోతుగా రంధ్రాలు వేసి, మట్టి కప్పి, తడుపుతూ ఉంటే కుళ్లడం వేగవంతమవుతుంది. అయినా మునగలాంటి మెత్తని చెట్టు తొందరగా చివికిపోతుంది, చేవదేరిన చింత మాత్రం ఏళ్లు తీసుకుంటుంది.

“కిరోసిన్ పోసి కాల్చితే సరి”

పచ్చి మొద్దు అంటుకోదు. ఎండిన మొద్దు అంటుకుంటే నిప్పు వేళ్ల వెంట నేల కిందకు పాకి, పైకి ఆరినట్టే కనిపిస్తూ రోజుల తరబడి రగులుతుంది. ఇళ్ల మధ్య ఈ పని చేయకూడదు. కిరోసిన్ నేలలోకి ఇంకి పక్కనున్న బావి నీటినీ పాడుచేస్తుంది.

“జేసీబీతో లాగేస్తే గంటలో పని”

ఖాళీ స్థలంలో నిజమే. ప్రహరీ పక్కనుంటే మాత్రం గోడ కిందకు పాకిన వేళ్లు లాగిన ఊపుకు పునాదిని కదిలిస్తాయి. ఇరుకు గేటులోంచి దూరే చిన్న గ్రైండర్ నాకు నచ్చేది ఇక్కడే.

ఏ యంత్రం పెట్టినా బోరు మోటారు కేబుల్, కుళాయి గొట్టం, ఎర్తింగ్ గుంట ఎక్కడున్నాయో ముందు గుర్తుపెట్టాలి. అమెరికాలో నేల తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే కంపెనీలు తమ లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెడతాయి. మన వీధుల్లో ఆ పని ఎక్కువగా మనమే చేసుకోవాలి. మొద్దుకు దిగ్గొట్టిన మేకులు, బట్టల తీగ కొక్కేలు కూడా ముందే పీకేయాలి. చక్రానికి తగిలితే అవి తూటాల్లా ఎగురుతాయి, కాబట్టి పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

“పొట్టు మంచి ఎరువు, గుంటలోనే కప్పేయండి”

పేడలో ఒక పాలు నత్రజనికి ఇరవై ముప్పై పాళ్ల కర్బనం ఉంటే, చెక్క పొట్టులో వందల పాళ్లుంటుంది. అంత కర్బనాన్ని జీర్ణించుకోవడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి. అందుకే పొట్టు నింపిన గుంటలో పెట్టిన మొక్క పసుపురంగుకు తిరుగుతుంది. పాతిన పొట్టు చెదలకు మేత కూడా. దాన్ని ఎత్తించి జామ, మామిడి పాదుల్లో రెండంగుళాల మందాన పైపైన పరచండి. కాండానికి తగలనివ్వకండి, ఇంటి గోడ పక్కన పోయకండి. గుంటను మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. ఒక వర్షాకాలం గడిచాక నేల కుంగుతుంది, అప్పుడు మరికాస్త మట్టి పోయాలి. కొత్త చెట్టు పెట్టాలనుకుంటే పాత మొదలుకు ఒకటి రెండు మీటర్లు ఎడంగా గుంట తీయండి. పాత వేళ్లు అడ్డం రాకుండా అది సులువుగా నాటుకుంటుంది.