ముదురు వర్ణపు ప్రాచీన గులాబీ ‘టస్కనీ’: చారిత్రక వర్ణనల పరిశీలన

గులాబీలలో నిజమైన నలుపు రంగు లేదు. అయినప్పటికీ నాలుగు శతాబ్దాలకు పైగా ఐరోపా ఉద్యాన గ్రంథాలలో కొన్ని గులాబీలు ‘నల్లని ఎరుపు’, ‘మఖమలు’ వంటి మాటలతో వర్ణింపబడ్డాయి. వీటిలో గాలికా వర్గానికి చెందిన ‘టస్కనీ’ ప్రసిద్ధమైనది. కేవలం రంగును బట్టి రకాన్ని గుర్తించడంలోని పరిమితులను దీని చరిత్ర స్పష్టం చేస్తుంది.

తొలి వర్ణనలు

ఇంగ్లండుకు చెందిన జాన్ జెరార్డ్ 1597లో వెలువరించిన ‘హెర్బల్’ గ్రంథంలో ‘రోజా హోలోసెరిసియా’ పేరుతో మఖమలు గులాబీని వర్ణించాడు. దాని ప్రకారం మొక్క పొట్టిది. కొమ్మలపై వెంట్రుకల వంటి సన్నని ముళ్ళు ఉన్నా అవి చర్మానికి గుచ్చుకోవు. పూలు నలుపు కలిసిన ముదురు ఎరుపులో ఉండి, మధ్యలో పసుపు కేసరాలు కనిపిస్తాయి. 1629లో జాన్ పార్కిన్‌సన్ కూడా ఈ గులాబీని తన గ్రంథంలో చేర్చాడు. లిన్నేయస్ ‘రోజా గాలికా’ నామాన్ని ప్రకటించినది 1753లో మాత్రమే. కావున పూర్వ గ్రంథాలలోని లాటిన్ పేర్లను నేటి జాతి నామాలుగా భావించరాదు.

జెరార్డ్ పేర్కొన్న లక్షణాలు టస్కనీకి బాగా సరిపోతాయి. అందుచేతనే దీనిని ‘పాత మఖమలు గులాబీ’ అని కూడా వ్యవహరిస్తారు. అయితే వర్ణన సరిపోయినంత మాత్రాన, నాటి మొక్కే శాఖీయ ప్రవర్ధనం ద్వారా నేటి వరకు కొనసాగిందని రుజువు కాదు.

సన్నిహిత రకంతో భేదం

19వ శతాబ్దపు పూర్వార్ధంలో బ్రిటన్‌లో ‘టస్కనీ సుపర్బ్’ వ్యాప్తిలోకి వచ్చింది. రెండింటి రంగు దాదాపు ఒకటే. సుపర్బ్ పూలు పెద్దవి, రేకులు ఎక్కువ. కేసరాలు అంత స్పష్టంగా కనిపించవు. టస్కనీలో రేకులు తక్కువగా ఉండి, బంగారు వన్నె కేసరాలు ప్రస్ఫుటంగా ఉంటాయి. రంగును మాత్రమే నమోదు చేస్తే ఈ రెండు రకాలు ఒకటిగా కలిసిపోతాయి.

రంగుకు కారణం

గాలికా గులాబీల ఎరుపునకు ప్రధాన కారణం సయనిడిన్ ఆధారిత ఆంథోసయనిన్ వర్ణకాలు. ఇవి అధిక సాంద్రతలో ఉన్నప్పుడు రేకు నల్లగా తోస్తుంది. రేకు బాహ్యచర్మ కణాలు శంఖువు ఆకారంలో ఉబ్బి ఉండటం వల్ల మఖమలు వంటి మెరుపు కలుగుతుంది. పువ్వు ముదిరేకొద్దీ కణద్రవ ఆమ్లత్వం తగ్గి, ఎరుపు ఊదాగా మారుతుంది. కనుక ఒకే పువ్వును ఒకరు ఎరుపనీ, మరొకరు ఊదా అనీ వ్రాసి ఉండవచ్చు.

నేటి ఉపయోగం

గాలికాలు ఏడాదికి ఒకసారే పూస్తాయి, చలికాలపు విశ్రాంతిని కోరుతాయి. అందువల్ల తెలుగు రాష్ట్రాల మైదానాలకు ఇవి అనువైనవి కావు. అయితే ఇక్కడి నాటు గులాబీల వివరాలను సేకరించేటప్పుడు ఇదే పాఠం వర్తిస్తుంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రకానికి విభిన్నత, ఏకరూపత, స్థిరత్వం ఉండాలని నిర్దేశిస్తుంది. కావున రంగును ప్రామాణిక వర్ణ పట్టికతో సరిపోల్చి, పువ్వు వికసించిన దశను తప్పక పేర్కొనాలి. దానితోపాటు రేకుల సంఖ్య, కేసరాలు, ముళ్ళు, ఆకుల లక్షణాలను నమోదు చేయాలి. జెరార్డ్ వర్ణన నేటికీ ఉపయోగపడుతున్నదంటే, అతడు రంగుతో ఆగక ముళ్ళను, కేసరాలను కూడా గమనించడమే అందుకు కారణం.